యెరికో పొరలు: పూర్వచరిత్రలో కాలనిర్ణయము

యెరికో గోడలు త్రవ్వకాలలో దొరికినవని ప్రసంగవేదికలపై తరచుగా వినుచుందుము. ఏ గోడలు? ఏ కాలమునకు చెందినవి? ఈ ప్రశ్నలను దాటవేసి ఆ మాట పలుకుట బోధకునికి క్షేమకరము కాదు.

1. కాలమును లెక్కించు విధములు

వ్రాతలు లేని కాలమును పూర్వచరిత్ర అందుము. అక్కడ రాజుల పేర్లు గాని, ఏలుబడి సంవత్సరములు గాని లేవు. క్రింది పొర ముందటిది, పై పొర తరువాతది అను క్రమమే మొదట తెలియును. ఇది సాపేక్ష కాలనిర్ణయము. సంవత్సరములలో చెప్పుటకు వేరొక కొలమానము కావలెను. 1949లో విల్లార్డ్ లిబ్బీ బృందము ప్రకటించిన రేడియోకార్బన్ పద్ధతి అట్టిది. ప్రాణి చనిపోయిన తరువాత అందలి కార్బన్-14 సుమారు 5,730 సంవత్సరములకు సగమగును. మిగిలినదానిని కొలిచి, చెట్ల వార్షిక వలయములతో సరిచూతురు. ఫలితము కొంత వ్యవధిగా వచ్చునే గాని ఒక్క సంవత్సరముగా రాదు.

2. యెరికో సాక్ష్యము

1930-36లో త్రవ్విన జాన్ గార్స్టాంగ్, కూలిన జంట గోడలు యెహోషువ కాలపువని, అనగా క్రీ.పూ. 1400 ప్రాంతపువని తలంచెను. 1 రాజులు 6:1లోని 480 సంవత్సరములను అక్షరార్థముగా లెక్కించువారికి ఇది సరిపోయెను. అయితే 1952-58లో కాథ్లీన్ కెన్యన్ పొరలను జాగ్రత్తగా విడదీసి చూడగా, ఆ గోడలు క్రీ.పూ. మూడవ సహస్రాబ్దివని తేలెను. తరువాతి పట్టణము క్రీ.పూ. 1550 ప్రాంతమున కాలిపోయెనని ఆమె నిర్ణయించెను. 1990లో బ్రయంట్ వుడ్ కుండపెంకుల ఆధారముగా మరల 1400 అని వాదించెను. కాని 1995లో ప్రచురితమైన, కాలిన ధాన్యపు గింజల రేడియోకార్బన్ పరీక్ష క్రీ.పూ. 16వ శతాబ్దమునే సూచించెను.

అంతకంటె ఎంతో లోతున, మట్టికుండలు చేయుట ఎరుగని ప్రజలు కట్టిన సుమారు 8.5 మీటర్ల రాతి బురుజు కలదు. అది దాదాపు క్రీ.పూ. 8000 నాటిది. 1650లో ఆర్చిబిషప్ అషర్ సృష్టికి నిర్ణయించిన క్రీ.పూ. 4004కు ఇది చాలా ముందటిది.

3. మనము గ్రహించవలసినది

మొదటిది, అషర్ లెక్క లేఖనము కాదు. లేఖనమును బట్టి ఒక మనుష్యుడు వేసిన లెక్క. రెండవది, కొలమానము ఒక్కటే. అనుకూలమైనప్పుడు రేడియోకార్బనును ఉదహరించి, ప్రతికూలమైనప్పుడు త్రోసివేయుట న్యాయము కాదు. మూడవది, పొర ఎప్పుడు కాలెనో పరీక్ష చెప్పగలదు. ఎవరు కాల్చిరో, దేవుడు అందులో ఏమి చేసెనో చెప్పలేదు.

మన సంఘములోని యువకుడు రేపు కళాశాలలో కెన్యన్ పేరు వినును. ఆ దినమున అతడు సందేహించునది గార్స్టాంగును కాదు, మనలను. కనుక తెలిసినంతవరకే చెప్పుదము. సత్యమునకు మన అతిశయోక్తి సహాయము అవసరము లేదు.