సాంస్కృతిక అనుసరణ

రెండు భిన్న సంస్కృతులకు చెందిన జనసమూహాలు ఎడతెగని ప్రత్యక్ష సంబంధంలోకి వచ్చినపుడు, వాటిలో ఒకదాని జీవన విధానంలో గాని, రెండింటిలో గాని కలిగే మార్పులను సాంస్కృతిక అనుసరణ అంటారు. దీనికి ఆంగ్లంలో అకల్చరేషన్ అని పేరు. 1936లో అమెరికా మానవశాస్త్రవేత్తలు రాబర్ట్ రెడ్‌ఫీల్డ్, రాల్ఫ్ లింటన్, మెల్విల్ హెర్స్కోవిట్స్ దీనిని ఈ విధంగా నిర్వచించారు. వలస వెళ్ళినవారిలో ఈ మార్పును కొలిచి, దానికీ వారి ఆరోగ్యానికీ గల సంబంధాన్ని ప్రజారోగ్య శాస్త్రంలో పరిశీలిస్తారు.

కొలిచే విధానాలు

తొలినాటి కొలమానాలలో స్వదేశ సంస్కృతి ఒక కొసన, కొత్త దేశపు సంస్కృతి మరొక కొసన ఉండేవి. ఒకదానికి దగ్గరైతే రెండవదానికి దూరమైనట్లే లెక్క. మెక్సికన్ అమెరికన్ల కొరకు 1980లో రూపొందించిన ఆర్స్మా కొలమానం ఇటువంటిదే. 1995లో దానిని సవరించి, రెండు సంస్కృతులతో గల అనుబంధాన్ని వేర్వేరుగా కొలిచేలా మార్చారు. కెనడా మనస్తత్వవేత్త జాన్ బెర్రీ నాలుగు మార్గాలను పేర్కొన్నాడు:

* సమన్వయం - రెండు సంస్కృతులనూ నిలుపుకొనడం
* విలీనం - స్వసంస్కృతిని విడిచి కొత్తదానిలో కలిసిపోవడం
* వేర్పాటు - స్వసంస్కృతికే పరిమితం కావడం
* ఉపాంతీకరణ - రెండింటికీ దూరం కావడం

ఆరోగ్యంపై ప్రభావం

కాలిఫోర్నియాలోని 3,809 మంది జపనీయ అమెరికన్లపై జరిపిన అధ్యయనాన్ని మైకేల్ మార్మట్, లెనార్డ్ సైమ్ 1976లో ప్రచురించారు. జపాను సంప్రదాయాలను ఎక్కువగా నిలుపుకొన్నవారిలో గుండెజబ్బు జపానులో ఉన్నంత తక్కువగానే కనిపించింది. పాశ్చాత్య జీవనానికి బాగా అలవాటుపడినవారిలో అది 3 నుండి 5 రెట్లు ఎక్కువగా ఉంది. పొగత్రాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ వంటి ప్రధాన కారణాలు మాత్రమే ఈ తేడాను వివరించలేకపోయాయి.

అనుసరణ ఫలితాలన్నీ ఒకే దిశలో ఉండవు. అమెరికాలోని లాటినో ప్రజలలో అనుసరణ పెరిగేకొద్దీ ఆహారపు అలవాట్లు చెడినట్లు పలు అధ్యయనాలు చూపాయి. అయితే వైద్య సేవలను వినియోగించుకొనడం మెరుగైనట్లు కూడా అవి తెలిపాయి.

విమర్శలు

అనేక అధ్యయనాలు మాట్లాడే భాషను, కొత్త దేశంలో గడిపిన సంవత్సరాలను మాత్రమే కొలతగా తీసుకుంటాయి. ఇది అందరికీ సరిపడదు. ఉదాహరణకు, ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుండి అమెరికా వెళ్ళిన విద్యావంతులలో చాలామంది స్వదేశంలోనే ఆంగ్ల మాధ్యమంలో చదువుకున్నవారు. వారి ఆంగ్ల పరిజ్ఞానాన్ని బట్టి ఆహారం, కుటుంబ బంధాలు, ఆచారాలు మారాయని నిర్ణయించలేము. పేదరికం, వైద్య బీమా లేకపోవడం వంటి కారణాల వలన కలిగే అనారోగ్యాన్ని సంస్కృతికి ఆపాదించే ప్రమాదం ఉందని లిండా హంట్, ఆమె సహ పరిశోధకులు 2004లో విమర్శించారు. అలా ఆపాదించినపుడు రోగి అలవాట్లను మార్చే ప్రయత్నం జరుగుతుంది గాని, అతనికి వైద్యం అందకుండా చేస్తున్న అడ్డంకి అలాగే మిగిలిపోతుంది.