మీకు తెలుసా? గుల్ల గొట్టమే గట్టి ఇరుసు

32 మిల్లీమీటర్ల నిండు ఇనుప రాడ్డూ, 60.3 మిల్లీమీటర్ల వ్యాసం, 4.5 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టమూ తూకంలో దాదాపు సమానం. మీటరుకు రెండూ 6 కిలోల పైచిలుకే. అయినా గొట్టం మూడు రెట్లు ఎక్కువ బరువును ఓర్చుకుంటుంది. ఒకే బరువు వేసి చూస్తే రాడ్డు వంగినదానిలో గొట్టం ఆరో వంతే వంగుతుంది. ఇరుసు వంగేటప్పుడు పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. నడిమి ఇనుముకు పెద్దగా పనుండదు, ఊరికే కూర్చుని మోయించుకుంటుంది.

పడవనో, గడ్డి కోసే మిషన్‌నో కారు వెనక లాక్కెళ్లడానికి అమెరికాలో చాలామంది సొంత షెడ్డులోనే ట్రైలర్ కట్టుకుంటారు. వాళ్ల 3,500 పౌండ్ల ఇరుసుకు, అంటే దాదాపు 1,590 కిలోలు మోసేదానికి, తరచుగా కనిపించేది 2.375 అంగుళాల గొట్టం. మన హార్డ్‌వేర్ షాపులో ‘రెండంగుళాల పైపు’ బయటి కొలత కూడా సరిగ్గా అంతే, 60.3 మిల్లీమీటర్లు. టేపు పెట్టి ఆ రెండంగుళాల కోసం వెతక్కండి, బయట దొరకవు.

పైపు మీది పసుపు పట్టీ ఎ క్లాసుకు, నీలం బి క్లాసుకు, ఎరుపు సి క్లాసుకు గుర్తు. ఈ సైజులో వాటి మందాలు వరుసగా 2.9, 3.6, 4.5 మిల్లీమీటర్లు. మందం పెరిగేది లోపలి వైపుకే. తిరకాసంతా ఇక్కడే. చక్రం బిగించే హబ్ తిరిగే పొట్టి కడ్డీని స్టబ్ అంటారు. దాని తోకను గొట్టంలోకి దూర్చి వెల్డింగ్ చేస్తారు కదా, ఎ క్లాసులో అమరిన తోక సి క్లాసులో అసలు దూరదు. పైగా అతుకు పైపు లోపల వెల్డింగ్ గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, దాన్ని అరగదీయాలి. వదులుగా ఉన్న తోక చుట్టూ వెల్డింగ్ నింపి సరిపెట్టడం మాత్రం వద్దే వద్దు. జింకు పూత పైపయితే వెల్డింగ్ చేసే చోట ముందు పూత తీసేయాలి. కాలిన జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం రావచ్చు.

అసలు నీళ్ల పైపు ఇరుసు కోసం పుట్టింది కాదు. కట్టడాలకు వాడే గుండ్రటి గొట్టాలకు ఐఎస్ 1161 అనే ప్రమాణం వేరే ఉంది. అందులో 310 గ్రేడు అడగండి. 310 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా శాశ్వతంగా వంగిపోదని ఆ అంకెకు అర్థం.

ఇరుసు నడుమ విరుగుతుందని అందరికీ భయం. నిజానికి రెండు కమాను కట్టల మధ్య ఇరుసును వంచే బలం ఎక్కడ చూసినా ఒకటే. అది ఎంతన్నది కమానుకూ చక్రానికీ మధ్య ఎడం తేలుస్తుంది. 20 సెంటీమీటర్ల ఎడాన్ని 15కు తగ్గిస్తే ఆ బలం పావు వంతు తగ్గుతుంది. బి క్లాసు మాని సి క్లాసు కొంటే గట్టిదనం పెరిగేది 20 శాతం లోపే. డబ్బు పెట్టి ఇనుము పెంచేకన్నా కమానును జరపడమే తెలివి.

హబ్‌లో తిరిగే టేపర్ రోలర్ బేరింగ్ గుర్రపు బళ్ల కాలం నాటిది. సెయింట్ లూయిస్‌లో బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దానికి పేటెంట్ పొందాడు. బండి మలుపు తిరిగేటప్పుడు పక్కకు తోసే బలాన్ని కూడా అది కాస్తుంది. 3,500 పౌండ్ల ఇరుసుల్లో సాధారణంగా లోపలి బేరింగ్ రంధ్రం 35, బయటిది 27 మిల్లీమీటర్లు. నట్టు బిగించాక కొద్దిగా వెనక్కి తిప్పి స్ప్లిట్ పిన్ను వేయాలి. బిర్రుగా వదిలేస్తే బేరింగ్ కాలిపోతుంది.

కాబట్టి కొనేటప్పుడు ముందు బేరింగ్, హబ్, స్టబ్ తెచ్చుకోండి. గొట్టం ఆఖరున, స్టబ్‌ను చేత్తో పట్టుకెళ్లి షాపులోనే దూర్చి చూసి కొనండి.