కుషన్లు సర్దే చేతికి పద్దులూ రావాలి

అమ్మకానికి పెట్టిన ఇంటిని కొనేవాళ్ల మనసుకు నచ్చేలా తీర్చిదిద్దడమే హోమ్ స్టేజింగ్. అమెరికాలో వృత్తిగా ఎదిగిన ఈ పనికి కావాల్సిన ఒడుపు మన ఆడవాళ్లలో ఎంతోమందికి ఉంది. దాన్ని నాలుగు కాలాలపాటు నిలిచే వ్యాపారంగా మార్చుకోవాలంటే మాత్రం ధర, ఒప్పందం, సామాను లెక్క పక్కాగా ఉండాలి.

ఖాళీ గదిలో నిలబడితే దాని కొలత కంటికి అందదు. మంచం పడుతుందా, డైనింగ్ టేబుల్ వేస్తే నడవడానికి దారి ఉంటుందా అన్న సందేహాలే మిగులుతాయి. అదే గదిలో వెడల్పాటి రగ్గు పరిచి, ముందు కాళ్లు దానిమీద ఆనేలా సోఫా జరిపి, మూలన ఓ లాంపు పెడితే ‘సాయంత్రాలు ఇక్కడే కూర్చోవచ్చు’ అనిపిస్తుంది. బల్బు రంగు సైతం ముఖ్యమే. ఒక గదిలో తెల్లటి వెలుగు, పక్కగదిలో పసుపు వెలుగు ఉంటే ఒకే రంగు గోడలు ఫొటోల్లో వేర్వేరుగా కనిపిస్తాయి. అందుకే అనుభవమున్న స్టేజర్లు అన్ని గదులకీ ఒకేరకం, 2700-3000 కెల్విన్ బల్బులు వెంట తీసుకెళ్తారు.

ఈ పనికి ఆద్యురాలిగా బార్బ్ ష్వార్జ్ పేరు చెబుతారు. సియాటిల్ ప్రాంతంలో రియల్ ఎస్టేట్ ఏజెంటుగా ఉన్న ఆమె 1972లో, అమ్మబోయే ఇంటిని నాటకానికి వేదికలా సిద్ధం చేయడం మొదలుపెట్టారు. 2007లో స్టేజర్ల కోసం రియల్ ఎస్టేట్ స్టేజింగ్ అసోసియేషన్ ఏర్పడింది. అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం- కొనేవాళ్ల తరఫు ఏజెంట్లలో 83 శాతం, స్టేజింగ్ వల్ల ఆ ఇంటిని తమ ఇల్లుగా ఊహించుకోవడం తేలికవుతుందన్నారు. అమ్మేవాళ్ల తరఫు ఏజెంట్లలో 49 శాతం, ఇల్లు త్వరగా అమ్ముడవుతోందన్నారు. ధర ఒకటి నుంచి పది శాతం పెరిగిందన్నవాళ్లు 29 శాతం. ఇవన్నీ ఏజెంట్ల అభిప్రాయాలు. వీటిని చూపించి ‘మీ ఇంటికి పది శాతం ఎక్కువ వస్తుంది’ అని ఖాతాదారుకు మాటివ్వకూడదు. చేయగలిగింది చెప్పి, చెప్పింది చేయడం దగ్గరే వృత్తి మర్యాద మొదలవుతుంది.

ధర ఎలా కట్టాలి?

పక్క స్టేజర్ ఎంత తీసుకుంటే మనమూ అంతే అనుకుంటే నష్టాలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియదు. ఉదాహరణకు ఓ ఖాళీ ఇంటికి 3,000 డాలర్లు మాట్లాడుకున్నారనుకుందాం. ట్రక్కుకీ కూలీలకీ రానూపోనూ 1,200, గోదాము అద్దెలో ఆ ఇంటి వాటా 400, బీమా 100, దుప్పట్ల ఉతుకుడు, మొక్కలు, చిల్లర సామానుకు 150 డాలర్లు అయ్యాయి. మిగిలింది 1,150. ఇల్లు చూసి రావడం, సామాను ఎంచడం, సర్దడం, అమ్ముడయ్యాక అన్నీ తీసేయడం, మధ్యలో ఫోన్లూ కలిపి 30 గంటలు పట్టిందంటే గంటకు దక్కేది సుమారు 38 డాలర్లు. సోఫాల అరుగుదల, ఆదాయప్పన్ను కూడా అందులోంచే పోవాలి. ఈ లెక్క ప్రతి ఇంటికీ విడిగా రాస్తేనే ఏ పని నిలబెడుతోందో, ఏది ముంచుతోందో తెలుస్తుంది.

యజమానులు ఉంటున్న ఇంటికి లెక్క వేరు. అక్కడ వాళ్ల సామాన్నే మార్చి సర్దుతాం కాబట్టి అమ్ముడయ్యేది మన సలహా, సమయం. ఆ సలహాకు రుసుము ముందే చెప్పాలి. గది గదికీ ఏం తీయాలో, ఏం బాగుచేయించాలో రాసిన జాబితా చేతిలో పెడితే ఇచ్చిన డబ్బుకు విలువ దక్కిందని వాళ్లకూ తెలుస్తుంది.

‘మనవాళ్లే కదా!’

అమెరికాలోని తెలుగువాళ్ల మధ్య పనిచేసేటప్పుడు ఎదురయ్యే అసలు చిక్కు ఇదే. తెలిసినవాళ్ల ఇల్లని నోటిమాటతో మొదలుపెడతారు. నెల అనుకున్నది మూడు నెలలవుతుంది. సోఫాలు అక్కడే ఉండిపోతాయి, అద్దె అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది. తగ్గింపు ఇవ్వదలచుకుంటే ఇవ్వచ్చు, దాన్ని కూడా కాగితంమీద చూపించాలి. ఒప్పందం మాత్రం అందరికీ ఒక్కటే.

అందులో ఏముండాలి? ఏయే గదులు సర్దుతారు, మొదటి రుసుము ఎన్ని రోజులకు వర్తిస్తుంది, గడువు దాటితే నెలకెంత, సామాను పాడైతే ఎవరు భరించాలి, కొనేవాళ్లు ఇల్లు చూసేందుకు వచ్చే ఓపెన్ హౌస్ సమయంలో తలుపులకు బాధ్యులెవరు, ఇల్లు కొన్నవారి పేరుకు మారే క్లోజింగ్‌కు ఎన్నిరోజుల ముందు కబురు చేయాలి... ఇవన్నీ సూటిగా రాయాలి. సొమ్ము ముందే అందాలి. ఇల్లు అమ్ముడయ్యాక ఇస్తామంటే, ఆ అమ్మకం ఆలస్యమయ్యే నష్టాన్ని మనం నెత్తిన వేసుకున్నట్టే.

మాట చెప్పే తీరూ వృత్తిలో భాగమే. గోడ నిండా పిల్లల ఫొటోలు, ప్యాంట్రీలో దేవుడి మందిరం, వంటింట్లో నిలిచిపోయిన పోపు వాసన మన ఇళ్లలో సహజం. “అక్కా, మీ ఇంటికి వంక పెట్టడం లేదు. వచ్చేవాళ్లు ఇక్కడ తమ పిల్లల్ని ఊహించుకోవాలి. ఎలాగూ ఇల్లు మారుతున్నారు కదా, ఈ ఫొటోలు ముందే ప్యాక్ చేసేద్దాం. మందిరం ఎక్కడికి మార్చాలో మీరే చెప్పండి” అంటే ఆ ఇల్లాలి మనసూ నొచ్చుకోదు, పనీ ఆగదు.

గోదాములో క్రమశిక్షణ

వస్తువులు కొనడం సరదాగా ఉంటుంది. లాభం మాత్రం ఒక్కో వస్తువు ఎన్ని ఇళ్లు తిరిగిందన్న దాన్నిబట్టే వస్తుంది. ప్రతి లాంపుకీ కుర్చీకీ అడుగున నంబరు అంటించి, ఫొటో తీసి, కొన్న ధర, ఇప్పుడున్న ఇల్లు, తిరిగిరావాల్సిన తేదీ ఒక పట్టికలో రాయాలి. 147వ నంబరు లాంపు ఏడాదిలో ఒక్కసారే బయటకు వెళ్లిందంటే అది గోదాములో చోటు తింటోందని అర్థం. దాన్ని అమ్మేసి, ఏ ఇంట్లోనైనా ఇమిడిపోయే లేతరంగు సోఫా తెచ్చుకోవడం మేలు.

సామాను ఇంట్లో దించకముందే గోడలూ నేలా ఫొటోలు తీయాలి. ‘ఈ గీత మీరే పెట్టారు’ అన్న వివాదానికి తేదీ ఉన్న ఫొటోను మించిన జవాబు లేదు. లయబిలిటీ బీమా పత్రం సిద్ధంగా ఉంచుకుంటే ఏజెంట్లకూ నమ్మకం కుదురుతుంది.

చట్టం గీసిన గీత

స్టేజర్‌గా పనిచేయడానికి అమెరికాలో ప్రత్యేక ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన నియమాలే లేవని కాదు. టెక్సాస్‌లో వస్తువుల అద్దెమీద సేల్స్ ట్యాక్స్ ఉంటుంది. రాష్ట్ర పన్ను 6.25 శాతం, స్థానిక పన్ను దానికి అదనం. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములుగా హెచ్-4 వీసామీద ఉన్నవాళ్లు పని అనుమతిపత్రం ఈఏడీ వచ్చాకే ఈ వ్యాపారంలోకి దిగాలి. 2015 నుంచి కొన్ని అర్హతలున్న హెచ్-4 భాగస్వాములకు ఇది ఇస్తున్నారు. వ్యాపారానికి బ్యాంకు ఖాతా వేరుగా తెరిచి, పన్నుల సంగతి తెలిసిన అకౌంటెంటును మొదటి నెలలోనే కలవడం మంచిది.

కంప్యూటర్‌లో సోఫాలు అతికించే వర్చువల్ స్టేజింగ్ చవకే. కానీ కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి, మార్చిన ఫొటోను ప్రకటనలో వాడితే ఆ సంగతి చెప్పి, అసలు ఫొటో కూడా చూసే వీలు కల్పించాలి. మన దేశంలోనూ స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ఇలాంటి జాగ్రత్తే చెబుతోంది. మోడల్ ఫ్లాటులోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి బిల్డర్ పరిహారం ఇవ్వాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఈ పని చేయాలనుకునేవాళ్లకీ ఇదే పాఠం. గదిలోని వెలుగును, విశాలతను చూపించాలి. గోడ చెమ్మను మాత్రం అల్మారా వెనక దాచకూడదు.

సొంత ఇల్లు అమ్మడం ఓ కుటుంబానికి చాలా పెద్ద నిర్ణయం. మనల్ని నమ్మి తాళంచెవి ఇస్తున్నవాళ్లకు అందమైన గదులతోపాటు స్పష్టమైన ధర, చెప్పిన రోజుకు వచ్చే ట్రక్కు, మాట తప్పని ఒప్పందం కూడా ఇవ్వాలి. కాబట్టి వచ్చే నెల కొత్త సోఫా కొనాలనుకునేవాళ్లు కాస్త ఆగండి. ధరల పట్టిక, ఒప్పంద పత్రం, సామాను జాబితా ఈ వారమే రాసి పెట్టుకోండి. ఆ మూడూ చేతిలో ఉన్నాక ఏ సోఫా కొనాలో, అసలు కొనాలో వద్దో మీ లెక్కలే చెబుతాయి.