క్రాస్ కంట్రీ పరుగుపందెంలో వాలంటీర్ల పని

కళాశాల క్రీడలలో ప్రేక్షకుల కంటికి అతి తక్కువగా కనిపించే పందెం క్రాస్ కంట్రీ. మైదానంలో జరిగే ఆటను గట్టుమీద కూర్చుండి ఆద్యంతం చూడవచ్చు. ఇందులోనో, విజిల్ మ్రోగిన రెండు మూడు నిమిషాలకే క్రీడాకారులు డొంక మలుపు తిరిగి కనుమరుగవుతారు. ఆపైన వారికి దారి చూపేదీ, పడిపోతే లేవనెత్తేదీ, చివరకు ఎవరు ఎన్నవవారో తేల్చేదీ వాలంటీర్లే. కావున ఈ పనిని గురించి నాలుగు మాటలు వివరించదలచాము.

ఈ పందెం పుట్టుక ఇంగ్లాండు పాఠశాలలలో జరిగింది. ముందుగా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కాగితపు ముక్కలు చల్లుతూ పరుగెత్తిపోగా, తక్కినవారు ఆ ముక్కల జాడ పట్టి వెంబడించేవారు. రగ్బీ పాఠశాలలో 1837లో ఆరంభమైన క్రిక్ పరుగు ప్రసిద్ధమైనది. నేడు కాగితాలకు బదులు జెండాలు, ముగ్గుపిండి గీతలు వచ్చాయి. ఎడమవైపు ఎర్రజెండా, కుడివైపు తెల్లజెండా పాతడం ఈ పందెంలో చిరకాలంగా వస్తున్న పద్ధతి.

సత్తెనపల్లి ప్రాంతంలో దారి గుర్తించడం చూచినంత సులభం కాదు. మనది నల్లరేగడి నేల. వాన కురిస్తే బంకమట్టి కాళ్లకు అంటుకొని అడుగడుగునా బరువు పెంచుతుంది. ఎండితే మడమ దిగబడేటంత బీటలు తీస్తుంది. అందుచేత ముందురోజు సాయంకాలం వాలంటీర్లు దారి పొడవునా నడిచి చూడవలసి వుంటుంది. పత్తి తీతల కాలంలో పొలాలలో జనం, డొంకల్లో ట్రాక్టర్లు వుంటాయి. మిరపకాయలు కల్లాలకు చేరిన రోజులలోనైతే గాలి ఎటు వీస్తున్నదో కూడా గమనించాలి. పది కిలోమీటర్ల పరుగులో వున్నవానికి మిరప ఘాటు సోకితే ఊపిరి నిలవదు. ఏ రైతు గట్టుమీదుగా దారి పోతున్నదో ఆయనతో ముందే ఒక మాట చెప్పి వుంచడం మర్యాదే గాక అవసరం కూడా.

అన్నిటికన్న గడ్డు శత్రువు ఎండ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ మండు వేసవిలో జరిగింది. బయలుదేరిన 38 మందిలో గమ్యం చేరినవారు 15 మందే. ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మీ గెలిచాడు గాని, ఆ తరువాత ఒలింపిక్స్‌లో ఈ పందేన్ని మళ్లీ పెట్టలేదు. పల్నాడు ఎండ పారిస్ ఎండకు తీసిపోదు గదా! పందెం తెల్లవారుజామున మొదలుపెట్టడం ఇందుకే. క్రీడాకారుడు తూలుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే ఆపి నీడకు చేర్చాలి. ఒంటిమీద ధారాళంగా చల్లని నీరు పోసి, విసురుతూ 108కి కబురు చేయాలి. వాహనం వచ్చేదాకా చల్లబరచడం మానరాదు. స్పృహ లేనివాని నోట మాత్రం నీరు పోయరాదు.

ఇక్కడ ఒక మాట. “షాబాష్” అని కేక వేయడంలో మన కళాశాలలో ఉర్దూ, తెలుగు భేదం లేదు, ఎంత అరచినా తప్పు లేదు. కాని అభిమానం కొద్దీ తోటి విద్యార్థి చేయి పట్టి లాగినా, ప్రక్కన పరుగెత్తి వేగం అందించినా అది సహాయం క్రిందకు వస్తుంది. అతడు పందెం నుండి తొలగింపబడవచ్చు.

గమ్యరేఖ వద్ద పని మరింత సున్నితమైనది. జట్టు విజయాన్ని ఇక్కడ స్థానాలు కూడి నిర్ణయిస్తారు. 1973లో మొదలైన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలలో నేటి పద్ధతి ప్రకారం జట్టులో ఆరుగురు పరుగెత్తితే మొదటి నలుగురి స్థానాలే లెక్కకు వస్తాయి. మొత్తం తక్కువైన జట్టుదే గెలుపు. ఒక జట్టువారు 2, 5, 9, 14 స్థానాలలో వచ్చారనుకొందాం, మొత్తం 30. రెండవ జట్టువారు 1, 7, 10, 13, మొత్తం 31. గెలుపు మొదటి జట్టుది. వ్రాసేవాడు తొమ్మిదవ, పదవ వారిని తారుమారు చేసి వ్రాశాడా, లెక్క 31, 30గా మారి కప్పు రెండవ జట్టుకు పోతుంది. నెలల తరబడి చీకటితో లేచి సాధన చేసిన పిల్లల కష్టం ఒక్క కలంపోటుతో చేతులు మారుతుందన్నమాట.

అందుకే గమ్యరేఖ దాటిన వెంటనే గుంజలు పాతి, తాళ్లు కట్టి ఇరుకైన బాట ఏర్పరుస్తారు. అందులో ఒకరినొకరు దాటరాదు. ఒక వాలంటీరు చెస్ట్ నంబరు పైకి చదువుతాడు, ఇంకొకడు వ్రాస్తాడు, మూడవవాడు స్టాప్ వాచీ చూచి కాలం వేరే కాగితం మీద వ్రాస్తాడు. రెండు కాగితాలూ తరువాత సరిచూస్తారు. బాటలో ఎవరైనా కూలబడితే ఒకరు అతనిని చూచుకొంటారు, మరొకరు అతని స్థానం చెదరకుండా వరుస కాపాడుతారు.

చిట్టచివరి క్రీడాకారుని వెనుక సైకిలు మీద ఒక వాలంటీరు రావాలి. బయలుదేరిన వారి సంఖ్యతో, చేరినవారినీ మధ్యలో ఆగినవారినీ కూడగా వచ్చిన సంఖ్య సరిపోవాలి. ఒక్కరు తక్కువైనా, బహుమతి సభ మొదలైనా సరే, సైకిలు మళ్లీ డొంకలోకి తిరగవలసిందే.