కడుపులో కణాల కబుర్లు



తల్లి కడుపులో బిడ్డ మొదట ఒకే ఒక్క జీవకణం. అది రెండై, నాలుగై, ఎనిమిదై పెరుగుతుంది. దాదాపు అన్ని కణాల్లోనూ ఉండేవి అవే జన్యువులు. మరి ఒకటి కన్నుగా, ఒకటి ఎముకగా, ఇంకొకటి చర్మంగా ఎలా మారుతుంది? ఇల్లంతా కరెంటు వైరింగు ఉన్నా, ఏ గదిలో ఏ స్విచ్చి కావాలో అదే వేసుకుంటాం కదా! కణమూ అంతే. కొన్ని జన్యువులను పనిలో పెట్టి, మిగతావాటిని ఆపి ఉంచుతుంది.

ఏది వేయాలో, ఏది ఆపాలో దానికి చెప్పేదెవరు? చాలావరకు ఇరుగుపొరుగు కణాలే. ఈ సంగతి తేటతెల్లం చేసింది ఒక యువతి. జర్మనీలోని ఫ్రైబుర్గులో హాన్స్ స్పీమన్ దగ్గర పరిశోధన చేసిన హిల్డె మాంగోల్డ్. న్యూట్ అని, బల్లిలా ఉండి నీళ్లలో గుడ్లు పెట్టే జంతువుంది. అందులో తెల్లని జాతి పిండానికి వీపు కాబోయే వైపునుంచి చిన్న ముక్క కోసి, ముదురు రంగు జాతి పిండానికి పొట్టవైపు అతికించారామె. పొట్ట చర్మం రావలసిన చోట వెన్నుపాముతో సహా రెండో పిండం తయారైంది! చిత్రమేమిటంటే, అందులో చాలా కణాలు ముదురు రంగువే. అంటే అతికించిన ముక్క పక్కవాటికి కబురు పంపి, వాటి దారి మార్చిందన్నమాట.

ఈ ఫలితాలు 1924లో అచ్చయ్యాయి. ఆ ఏడాదే వంటింట్లో హీటరు పేలి ఆమె చనిపోయారు. అప్పటికి పాతికేళ్లే, పసిబిడ్డ తల్లి. 1935లో నోబెల్ బహుమతి స్పీమన్‌కు వచ్చింది.

ఆ కబురేమిటో 1990లలో తెలిసింది. బి.ఎం.పి. అనే ప్రొటీను పైపొర కణాలను చర్మం కమ్మంటుంది. వీపువైపు ముక్క నాగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లు వదిలి ఆ మాటను అడ్డుకుంటుంది. అడ్డుకున్నచోట మెదడు, వెన్నుపాము వస్తాయి.

ఇదంతా మనకెందుకంటారా? మన బిడ్డల్లో వెన్నుపాము కాబోయే గొట్టం పిండం ఏర్పడిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి రూఢి కూడా కాదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటినుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోమంటారు డాక్టర్లు.

పై పెదవి అతుక్కునేది రెండో నెలలో. అది అతుక్కోకపోతే మనవాళ్లు 'గ్రహణం మొర్రి' అని, గ్రహణంనాడు కూర తరిగిందని తల్లిని ఆడిపోసుకుంటారు. ఏడో నెలలో వచ్చిన గ్రహణం, ఎప్పుడో తయారైపోయిన పెదవిని ఎలా చీలుస్తుందండీ? అలాంటి బిడ్డ పుడితే తల్లిని ఒక్క మాట అనకండి. డాక్టరుకు చూపించండి, ఆపరేషన్‌తో సరిచేస్తారు.