పద్దును కంప్యూటరుకు అప్పగించే ముందు

ఈ ట్రస్టు ఉపకార వేతనంతోనే బి.కాం. చదువుకున్న నేను ఇప్పుడు హోసూరులో ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో లెక్కలు చూస్తున్నాను. “పద్దులన్నీ కంప్యూటరే రాస్తుంటే ఇక బి.కాం. ఎందుకండీ?” అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. నా అనుభవంతోనే జవాబు చెబుతాను.

నెలనెలా ఒకే తీరున వచ్చే జర్నల్ ఎంట్రీని సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి నియమంగా పెడితే, తేదీ రాగానే అదే పద్దు రాసేస్తుంది. ఉదాహరణకు, జూలై 1న ఏడాదికి రూ. 24,000 బీమా ప్రీమియం కట్టామనుకోండి (పన్ను సంగతి ఇక్కడ వదిలేద్దాం). అది ఒక్క జూలై ఖర్చు కాదు, 12 నెలలది. కనుక మొత్తాన్ని ముందు ‘ముందుగా చెల్లించిన బీమా’ అనే ఆస్తి ఖాతాలో ఉంచి, నెలకు రూ. 2,000 చొప్పున ఖర్చులోకి మార్చాలి. మార్చి 31 నాటికి రూ. 18,000 ఖర్చు అవుతుంది. మిగిలిన రూ. 6,000 బ్యాలెన్స్ షీటులో ఆస్తిగా నిలుస్తుంది.

నియమంలో ఇవి తప్పక చెప్పాలి:

1. డెబిట్: బీమా ఖర్చు, రూ. 2,000.
2. క్రెడిట్: ముందుగా చెల్లించిన బీమా, రూ. 2,000.
3. ఎప్పుడు: ప్రతి నెల ఆఖరి రోజు, జూలై 31 మొదలు.
4. ఎన్నిసార్లు: 12.
5. వివరణ: పాలసీ నంబరు, ఏ నెలకు.

నేను నాలుగోది ఖాళీగా వదిలేశాను. మరుసటి జూలైలో పాలసీ రెన్యూవల్ చేసి కొత్త నియమం పెట్టాను. పాతదీ ఆగలేదు. నెలకు రూ. 2,000 బదులు రూ. 4,000 ఖర్చు పడింది. డెబిట్, క్రెడిట్ సమానమే కనుక ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా సరిపోయింది! సెప్టెంబరు 30న పాలసీ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే, ఖాతాలో రూ. 18,000 ఉండవలసిన చోట రూ. 12,000 ఉంది. లాభం రూ. 6,000 తక్కువ చూపించాం.

ఆ మూడు ఎంట్రీలు చెరిపేస్తే సరిపోతుందిగా అనిపించిన మాట నిజం. కానీ 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలన్నది నిబంధన. అది లేకున్నా, చెరపడం పద్ధతి కాదు. యజమానిగారికి ఉన్నదున్నట్టు చెప్పి, పాత నియమం ఆపి, ముందుగా చెల్లించిన బీమాకు రూ. 6,000 డెబిట్, బీమా ఖర్చుకు క్రెడిట్ రాసి సరిదిద్దాను. ఆయన కోప్పడలేదు. “ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూడమ్మా” అన్నారు, అంతే.

అప్పటినుండి ప్రతి నియమాన్నీ చిత్తుప్రతిగానే తయారయ్యేలా పెట్టి, చూశాకే ఖాయం చేస్తున్నాను. నెలాఖరున ఖాతా నిల్వను అసలు కాగితంతో పోలుస్తున్నాను.

విద్యార్థులు గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంటి అద్దె, ఫీజులతో ఈ అభ్యాసం చేయవచ్చు.

తల్లిదండ్రులకు నా జవాబు ఇదే: కంప్యూటరు పద్దు రాస్తుంది. ఆ పద్దు ఎందుకు రాయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడానికి చదువుకున్న మనిషి కావాలి.