ఆకాశమున వింత వెలుగు: ఆ రాత్రియే వ్రాసికొనవలసిన సంగతులు

రాత్రివేళ ఆకాశమున వింత వెలుగు కనుపించినదను మాట మన పల్లెలలో అప్పుడప్పుడు పుట్టుచుండును. పైరునకు నీరు కట్టబోయిన రైతు ఒకడు చూచును. తెల్లవారునప్పటికి ఆ మాట రచ్చబండకు చేరును. ప్రొద్దెక్కునప్పటికి ఫోనులలో ఊరూరికి ప్రాకిపోవును. రైతు చూచినది ఒక్క వెలుగు. ప్రొద్దుటూరు చేరునప్పటికి అది మూడు వెలుగులగును. జమ్మలమడుగులో అది చెరువుగట్టున దిగును. పులివెందులలో దానిలోనుండి మనుష్యులు కూడ దిగుదురు. ఇందులో కావలెనని అబద్ధమాడినవాడెవ్వడును లేడు. చూచినదానిని చూచినట్లు ఆ రాత్రియే వ్రాసి యుంచినవారు లేకపోవుటయే లోపము. ఆ పని గ్రామ పంచాయతీ చేయగలదనియు, దానికి దూరదర్శిని యంత్రము అక్కరలేదనియు చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది ప్రొద్దుపోకకు చెప్పు మాట కాదు. పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి 2018 వ సంవత్సరమున ఫోనులద్వారా వ్యాపింపగా, మన తెలుగు జిల్లాలలోను, ఇతర రాష్ట్రములలోను గ్రామస్థులు క్రొత్తవారిని పట్టి కొట్టిరి. నిరపరాధులు ప్రాణములు కోల్పోయిరి. ఆకాశమున తిరుగు దీపము దొంగలు పంపిన డ్రోను అను పుకారు లేచినచో, మరునాడు ఊరిలోనికి వచ్చు పాతసామానుల వర్తకునికిని, దారి తప్పిన బాటసారికిని అట్టి ముప్పే కలుగవచ్చును.

చదువుకొన్నవారు పొరబడరను నమ్మకము కూడ తగదు. 2012 ఆగస్టు మొదలు 2013 ఫిబ్రవరి వరకు లడఖ్ సరిహద్దున కావలియున్న మన సైనికులు ఒక సరస్సుపైని ఆకాశమున గుర్తు తెలియని వెలుగులను 329 పర్యాయములు చూచి నమోదు చేసిరి. అవి పొరుగుదేశము పంపిన డ్రోనులని అనుమానము కలిగినది. సైన్యము బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థను సంప్రదించినది. ఒక వెలుగు సాయంకాలము ఆరు గంటల ప్రాంతమున వచ్చి తెల్లవారుజాము వరకు నిలుచుచున్నది. మరియొకటి నాలుగు గంటల ప్రాంతమున ఉదయించి ప్రొద్దెక్కువరకు కనుపించుచున్నది. నక్షత్రముల నడుమ వాటి నడకను లెక్కించి చూడగా మొదటిది గురుగ్రహమనియు, రెండవది శుక్రుడనియు తేలినది. సైనికులు వేళలను వ్రాసి యుంచిరి గనుకనే ఆ చిక్కు విడినదని పాఠకులు గమనింపవలెను.

కొలుచుటకు మన చేయి చాలును. చేతిని చాచి పిడికిలి పట్టినచో, ఆ పిడికిలి వెడల్పు ఆకాశమున ఇంచుమించు పది డిగ్రీలగును. చిటికెన వ్రేలి వెడల్పు ఒక డిగ్రీ. దిగంతమునుండి వెలుగు వరకు ఎన్ని పిడికిళ్ళున్నవో లెక్కింపవలెను. పిమ్మట ఒకచోట కదలక నిలిచి, వేపకొమ్మకో గోడ అంచునకో ఆ వెలుగును సరిచూచుకొని, అరగంట తరువాత మరల అచ్చటనే నిలిచి చూడవలెను. నక్షత్రములును గ్రహములును గంటకు పిడికిలిన్నర చొప్పున పడమటికి జరుగుచుండును. మరునాటి రాత్రి దాదాపు అదే వేళకు అదే చోట మరల కనుపించును. మరునాడు కూడ అచ్చటనే యున్న వెలుగును గూర్చి ఊరు భయపడవలసిన పని లేదు. చీకటిలో ఒంటి దీపమును రెప్పవాల్పక చూచుచుండిన, అది నిలిచియున్నను కదలుచున్నట్లు తోచును. మబ్బులు నడచునప్పుడు ఈ భ్రమ మరింత బలపడును. అందుచేతనే కొమ్మ యొక్క సాక్ష్యము మన కంటి సాక్ష్యముకంటె గట్టిది. శుక్రుడు సూర్యునినుండి 47 డిగ్రీలకు మించి ఎడముగా పోడు గనుక మన ప్రాంతమున నడిరేయి నడినెత్తిన ఉండడు. అట్టి వెలుగును శుక్రుడని చెప్పి పంపివేయువారిని పంచాయతీ నమ్మరాదు!

ఒక్క ఊరినుండి చూచినచో దిక్కు తెలియును గాని దూరము తెలియదు. దూరము తెలియుటకు రెండవ ఊరు కావలెను. ఈ విషయమున మన మూడు పట్టణములును చక్కగా అమరినవి. ప్రొద్దుటూరునకు జమ్మలమడుగు సూటిగా ఇరువది కిలోమీటర్ల దూరమున వాయవ్యపు వైపున నున్నది. ఆ రెండింటికిని నైరృతి, దక్షిణ దిక్కులలో పులివెందుల సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. ఒకే నిమిషమున మూడు చోట్లనుండి దిక్కును గుర్తించిరనుకొందము. గురుగ్రహమైనచో మూడు ఊళ్ళవారును ఒకే దిక్కును, ఒకే ఎత్తును చెప్పుదురు. ముద్దనూరు వద్దనున్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టముపైని దీపమే పొగమంచులో వింతగా కనుపించినదనుకొనుడు: ప్రొద్దుటూరువారు పడమర అందురు, జమ్మలమడుగువారు దక్షిణము అందురు, పులివెందులవారు ఈశాన్యము అందురు. పటముపై మూడు గీతలు గీచిన, అవి కలిసినచోటనే దీపమున్నది. పెండ్లిళ్ళలో గాలిలోనికి వదలు కాగితపు దీపమైనచో ఒక ఊరివారికి కనుపించును, తక్కిన రెండు ఊళ్ళవారికి కనుపించనే కనుపించదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. జర్మనీ దేశమున బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అను ఇరువురు విద్యార్థులు 1798 లో కొన్ని కిలోమీటర్ల ఎడమున కూర్చుండి, రాలు చుక్కలను ఏకకాలమున గుర్తించి, అవి మేఘములకంటె ఎన్నో రెట్లు ఎత్తున మండుచున్నవని కనుగొనిరి. వారికి ఫోను లేదు. మనకు ప్రతి చేతిలోను ఉన్నది. అందు దిక్సూచియు, సరియైన గడియారమును గలవు. దిక్కు చూచునప్పుడు ట్రాక్టరునకును, ఇనుప స్తంభమునకును దూరముగా నిలువవలెను. లేకున్న దిక్సూచి తప్పు చూపును.

మన జిల్లాకు ప్రత్యేకమైన వెలుగు మరియొకటి కలదు. శ్రీహరికోట ప్రొద్దుటూరునకు సూటిగా సుమారు 215 కిలోమీటర్లు. జమ్మలమడుగు, పులివెందులలకు 230 కిలోమీటర్ల ప్రాంతము. అచ్చట 2022 అక్టోబరు 23 న అర్ధరాత్రి దాటిన ఏడు నిమిషములకు ఎల్.వి.ఎం. 3 రాకెట్టును, 2024 డిసెంబరు 30 న రాత్రి పది గంటలకు పి.ఎస్.ఎల్.వి.-సి 60 రాకెట్టును ప్రయోగించిరి. అంత దూరమున భూమి వంపు అడ్డుపడుటచే రాకెట్టు నాలుగైదు కిలోమీటర్లు పైకి లేచిన పిమ్మట గాని మన దిగంతమునకు రాదు. తూర్పు కొండలు మరికొంత ఆలస్యము చేయును. ఆకాశము నిర్మలముగా నున్నచో తూర్పునకును ఆగ్నేయమునకును నడుమ ఎఱ్ఱని వెలుగు లేచి, చప్పుడు లేకయే కొన్ని నిమిషములలో మాయమగును. బయలుదేరిన చోటు పులివెందులవారికి తక్కిన రెండు ఊళ్ళకంటె ఒక పిడికిలి మేర తూర్పుగా నుండును. ప్రయోగముల తేదీని, వేళను ఇస్రో ముందుగనే ప్రకటించును గనుక దీనిని సరిచూచుట మిక్కిలి సులభము. 2019 మే నెలనుండి అమెరికాలోని స్పేస్‌ఎక్స్ సంస్థ పంపుచున్న స్టార్‌లింక్ ఉపగ్రహములు, విడుదలయైన క్రొత్తలో రైలుపెట్టెలవలె వరుసగా నడచుచుండును. మనకు చీకటి పడినను అంత ఎత్తున ఎండ యింకను తగులుచుండుటచేత అవి మెరయును.

రాలు చుక్కలలో మిక్కిలి పెద్దవి క్షణకాలము పగటివలె వెలిగించును. అప్పుడు వ్రాసికొనవలసినది చప్పుడు. మెరసిన కొన్ని నిమిషములకు ఉరుమువంటి ధ్వని వినబడినచో, రాయి నేలకు రాలియుండవచ్చును. మనకు పొరుగున నెల్లూరు వద్ద 1852 జనవరి 23 న అట్టి రాయి పడినది. అది నేటికిని శాస్త్రజ్ఞుల పట్టికలలో నున్నది. పైన నల్లని పెచ్చు గట్టి, బరువుగా నుండు రాయి దొరికినచో పగులగొట్టరాదు, కడుగరాదు. మన దేశమున ఉల్కాశిలలను భద్రపరచునది భారత భూగర్భ పరిశోధన సంస్థ.

పడినది రాయి కాక లోహమైనచో జాగ్రత్త ఎక్కువ. 2022 ఏప్రిల్ 2 న, ఉగాది నాటి రాత్రి, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ రాష్ట్రములపై అగ్నిరేఖలు సాగినవి. చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరి గ్రామమున పెద్ద లోహపు చక్రము పడినది. అది చైనా రాకెట్టు యొక్క శకలమని నిపుణులు భావించిరి. అట్టి వస్తువులలో విషపూరితమైన ఇంధనము మిగిలియుండవచ్చును గనుక పిల్లలను దరికి రానీయక, కాపలా నుంచి, పోలీసువారికిని తహశీల్దారుకును తెలుపవలెను. అదే ఏడు డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమున గుండ్రని వింత వస్తువు దిగి జనమును గుమికూర్చినది. విచారింపగా అది హైదరాబాదులోని టాటా సంస్థ బెలూను కేంద్రమునుండి ఒక స్పెయిన్ కంపెనీ పరీక్షకై పంపిన బెలూను పెట్టె అని తేలినది.

పైనుండి పడినదానివలన ఇల్లో పశువో నష్టమైనచో దానిని విధి వ్రాత అని విడువనక్కరలేదు. అంతరిక్ష వస్తువు నేలపై కలిగించు నష్టమునకు దానిని ప్రయోగించిన దేశమే బాధ్యత వహింపవలెనని 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెప్పుచున్నది; భారతదేశము అందు చేరియున్నది. సోవియట్ ఉపగ్రహము కాస్మాస్ 954 కెనడాలో 1978 జనవరి 24 న కూలగా, 1981 లో ఆ దేశమునకు ముప్పది లక్షల కెనడా డాలర్లు ముట్టినవి. అట్టి కోరిక కేంద్ర ప్రభుత్వము ద్వారా పోవలెను. దానికి మొదటి ఆధారము ఊరిలో వ్రాసిన పంచనామాయే. కావున పంచాయతీ కార్యాలయమున ఒక నోటు పుస్తకమును వేరుగా నుంచుకొని, చూచినవారిని ఒకరి మాట మరియొకరు వినకుండ విడివిడిగా పిలిచి, వేళ, నిలిచిన చోటు, దిక్కు, పిడికిళ్ళ ఎత్తు, ఎంతసేపు కనుపించినది, చప్పుడు వినబడినదా అను సంగతులను వారి మాటలలోనే వ్రాసి సంతకము తీసికొనవలెను. "ఎగురు పళ్ళెము", "డ్రోను" అను పేర్లను వ్రాయువారు తాముగా అందీయరాదు. అదే ఉదయము పొరుగు పంచాయతీలకు ఫోను చేసి, మన లెక్క చెప్పకముందే వారి లెక్క అడుగవలెను.